వంశధార మొగలో ఆరేళ్లు: 12 అడుగుల రాడ్, 5000 సైజు రీల్

చేపలు పట్టే ఈ రాడ్, దారం చుట్టే రీల్ జత కొని ఆరో ఏడు నడుస్తోంది. ఎక్కువగా వాడింది కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర. అప్పుడప్పుడు భావనపాడు, బారువ కూడా తీసుకెళ్లాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఏ కంపెనీది కొన్నా మన ఉప్పునీటిలో జరిగేది ఇదే.

ముందే చెప్పేస్తాను, ఈ మొగకి 12 అడుగులు ఎక్కువ. ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అనుకుని కొన్నాను. మొదటి ఏడాదంతా అలల అవతలికి విసిరి జెల్ల చేపలే ఇంటికి తెచ్చాను. తెప్ప ఒడ్డుకి లాగుతున్న పెద్దాయన ఒకరు చూసి, "అంత దూరం ఇసిరీసి ఏటి సేస్తావు బావూ, సేప నీ కాళ్ల కాడే తిరుగుతంది" అన్నారు. నిజమే. పోటు తీసి ఏటి నీరు బయటికి లాగేటప్పుడు రొయ్యలు, కొయ్యంగ చేప పిల్లలు దాంతోపాటు కొట్టుకొస్తాయి. పండుగప్ప ఇసుక మేట అంచున మాటు వేసి ఉంటుంది. నాకు పడినవాటిలో ఎక్కువ ముప్ఫై అడుగుల లోపే పడ్డాయి. అందులోనూ అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు మూడు రోజుల్లో, తెల్లవారుజామున. ఆ పనికి 9 అడుగుల రాడ్ చాలు, భుజం నొప్పీ తప్పుతుంది. వేసవిలో తెనుగాలికి (దక్షిణపు గాలికి) అలలు లేచిన రోజు మాత్రం పొడవు ఉపయోగపడింది, దారం అలకి తగలకుండా ఎత్తి పట్టుకోవచ్చు.

గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే మొగంతా ఎర్రనీరే. ఆ రోజుల్లో లూర్లు (చేప బొమ్మల్లాంటి ఉత్తుత్తి ఎరలు) దండగ, బతికున్న రొయ్యే ఎర. నీరు తేటపడే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పార చేపలు కూడా బాగా తగులుతాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం మర బోట్లకే. అయినా వానల ముందు, వానల్లో పడిన పెద్ద పండుగప్పని నేను వదిలేస్తాను. ఆ చేప మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. పెద్దదాన్ని కోసుకుంటే గుడ్లు పెట్టేదాన్నే కోసుకున్నట్టు.

ఇక రీల్. రెండో ఏడే దారం దొర్లే చిన్న రోలర్ బిగుసుకుపోయింది. తప్పు నాదే, ఇంటికి రాగానే పైపు పెట్టి నీళ్లు గట్టిగా కొట్టేవాణ్ణి, ఉప్పు ఇంకా లోపలికి పోయేది. రిపేరుకిస్తే ఒక షాపువాళ్లు మూడు నెలలు ఉంచుకున్నారు. అప్పటినుంచి డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువుగా వదలాలో చూసే బ్రేకు) బిగించి, మగ్గుతో మంచినీళ్లు పలచగా పోసి, నీడలో ఆరబెట్టి, రోలర్‌లో ఒక చుక్క నూనె వేస్తున్నాను. మళ్లీ ఆగలేదు. దారం దూరే రాడ్ కొస రింగు ఒకటి పగిలితే, అది చూసుకోక 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) రెండుసార్లు తెగింది. వెళ్లేముందు రింగుల్లో దూది తిప్పి చూసుకోండి, పగులుంటే పీచు పట్టుకుంటుంది.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రి వెళితే తలలైటు ఆర్పేయండి. తాబేళ్లు గుడ్లకి ఒడ్డెక్కే కాలం, వెలుగు చూస్తే వెనక్కి తిరిగిపోతాయి.

ఈసారి 9 అడుగులది కొంటున్నాను. రీల్ మార్చను.