రొయ్యల గుంటల దారిలో మూడున్నరేళ్లు: నా క్యాంపర్ వెనక కమాన్ కట్టలు

విరిగిన మెయిన్ పట్టీ ముక్కను మేస్త్రి నా చేతిలో పెట్టి చూడమన్నాడు. కమాన్ కట్టలో, అంటే బండి వెనక బరువు మోసే లీఫ్ స్ప్రింగులో, అన్నిటికన్నా పొడవైన పై పట్టీ అది. విరిగిన చోట ముప్పాతిక భాగం నల్లగా, తుప్పు పట్టి, అలలు అలలుగా గీతలు పడి ఉంది. మిగిలిన పావు భాగం మాత్రం అప్పుడే తెగిన ఇనుములా తళతళలాడుతోంది. "చూసినావా అన్నా, ఇది నిన్న విరిగింది కాదు. ముప్పాతిక ఎప్పుడో పోయుండాది. నిన్న తెగింది ఈ పావే" అన్నాడు. 2022 జనవరిలో, నెల్లూరు ఆటోనగర్‌లో సంగతి ఇది. అంతకు ముందు నవంబరులో పెన్నా వరదకు మా వైపు గుంటల గట్లన్నీ కోసుకుపోయాయి. ఆ గాళ్లలో మేత బస్తాలతో రెండు నెలలు తిరిగాను. పగులు అంతకు ముందే మొదలై ఉంటుంది, ఆ రెండు నెలలూ దాన్ని చివరిదాకా తెచ్చాయి.

నాది బొలెరో క్యాంపర్, ఫోర్ వీల్ డ్రైవ్. అప్పటికి లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ ఇచ్చిన కట్టలు అంతకాలం మోశాయంటే వాటిని తప్పుపట్టడానికి లేదు. బరువు ఎక్కువ వేసింది నేను, ఉప్పునీళ్లలో తిప్పింది నేను. బండికి రెండు రకాల దారులున్నాయి. వారంలో నాలుగైదు రోజులు అల్లూరు దాటి, బకింగ్‌హాం కాలువ అవతల రొయ్యల గుంటలకు పోవాలి. మేత బస్తా 25 కిలోలు, మామూలుగా ముప్పై బస్తాలు, ఒక్కోసారి నలభై. నెలకు రెండుసార్లు రాపూరు దగ్గర మా మామగారి నిమ్మతోటకు పోయి, కాయలు పొదలకూరు మార్కెట్టుకు వేసుకు రావాలి. ఒకటి జారుడు బురద, రెండోది వెలిగొండ కింద వాగు రాళ్లు. వచ్చేటప్పుడో పోయేటప్పుడో బండి ఖాళీగానే ఉంటుంది. ఈ చివరి మాట నాకు మొదట తట్టలేదు. దానివల్లే ఎనిమిది నెలలు బాధపడ్డాను.

అప్పుడు నేను చేసిన పని, మా వైపు అందరూ చేసే పనే. విరిగిన మెయిన్ పట్టీ ఒక్కటి కొత్తది వేయించి, మిగతా పాత పట్టీలను కొలిమిలో కాల్చి వంపు ఎక్కించి, పైగా రెండేసి పట్టీలు అదనంగా చేర్పించాను. "ఇంక టన్నున్నర వేసినా కుంగదు" అన్నారు. నిజమే, కుంగలేదు. కానీ ఖాళీ బండితో గుంటల గట్టు మీద వస్తుంటే వెనక భాగం గుర్రప్పిల్లలా ఎగిరేది. మా బావమరిది వెనక సీట్లో కూర్చుని, దిగేటప్పుడు నడుం పట్టుకుని దిగేవాడు. అది ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకోటి ఉంది.

గట్టు మీద ఒక గాడి లోతుగా, ఒక గాడి మెరకగా ఉన్నచోట పట్టీ వంగాలి. అటు చక్రం కిందికి దిగాలి, ఇటు చక్రం పైకి లేవాలి. నా బిగుసు కట్టలు వంగలేదు. ఎడమ చక్రం గాల్లో నిలబడి, ఉన్న బలమంతా అదే తినేసి ఊరికే తిరిగేది. పాత కుంగిన కట్టలతో దాటిన చోటే, కొత్తగా బలం చేయించిన కట్టలతో దిగబడ్డాను. ఆ వానాకాలంలో మూడుసార్లు ట్రాక్టరుతో లాగించుకున్నాను. బురదలో బండిని నడిపేది నేలను వదలని చక్రం. దాన్ని నేల మీద నిలబెట్టేది మెత్తగా వంగే కట్ట. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ఈ సంగతి మరిచిపోకూడదు.

లెక్క తర్వాత తెలుసుకున్నాను. పట్టీ బిగువు దాని మందాన్ని మూడుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 9 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే చూడటానికి తేడా గోరంతే. 8ని 8తో, మళ్లీ 8తో హెచ్చవేస్తే 512, 9ని అలాగే హెచ్చవేస్తే 729. అంటే ఆ పట్టీ 42 శాతం బిగుసుకుంది. అదే ఐదు పట్టీల కట్టకు అంతే మందం, అంతే పొడవు ఉన్న ఇంకో పట్టీ చేరిస్తే పెరిగేది 20 శాతమే. పొడవు తగ్గినా ఇదే లెక్క, పొట్టి పట్టీ చాలా బిగుసు. షాపులో "కాస్త మందం పట్టీ ఇస్తా, గట్టిగా ఉంటది" అంటే ఆ కాస్త ఎంతో అడగండి. నేనిప్పుడు షాపుకు పోతే మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకునే పోతున్నాను.

కొలిమిలో వంపు ఎక్కించడం గురించి కూడా చెప్పాలి. పట్టీ ఉక్కును ఫ్యాక్టరీలో కొలిచిన వేడికి కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో మగ్గబెడతారు. దాని స్ప్రింగు గుణం ఆ మగ్గులోనే వస్తుంది. బొగ్గుల కొలిమిలో వేడికి కొలత కంటిచూపే. ఎర్రగా కాలినప్పుడు పై పొరలో కార్బన్ కూడా మండిపోయి, ఆ పొర మెత్తబడుతుంది. పగులు మొదలయ్యేది పైనుంచే కదా. నా పట్టీలకు ఎక్కించిన వంపు మూడు నెలలకే దిగిపోయింది. అదనంగా వేసిన పట్టీలు మాత్రం అలాగే నిలబడి కుదుపు ఇస్తూ వచ్చాయి. నాకు రెండింటి నష్టమూ మిగిలింది. అత్యవసరానికి వారం పది రోజులు నడుపుకోవడానికైతే సరే, దాన్ని శాశ్వతం అనుకుని డబ్బు పెట్టకండి.

2022 అక్టోబరులో అవన్నీ విప్పించి కొత్త కట్టలు వేయించాను. ఇప్పుడు ఈ సమీక్ష వాటి గురించే. మూడున్నరేళ్లు, 68 వేల కిలోమీటర్లు.

ఏం తీసుకున్నానంటే, కంపెనీ కట్టకు ఎన్ని పట్టీలో, ఎంత మందమో, అంతే ఉన్న కొత్త జత. దానికి కింద ఒక్క హెల్పర్ పట్టీ. ఈ హెల్పర్ దాదాపు తిన్నగా ఉంటుంది. బండి ఖాళీగా ఉంటే పై పట్టీలను ముట్టదు. నేను కొలిచి చూస్తే పదిహేను బస్తాలు ఎక్కాక అంటుకోవడం మొదలవుతుంది. అందుకే ఖాళీగా మెత్తన, నిండితే గట్టి. రోజూ వేసే బరువును బట్టి మెయిన్ కట్టను ఎంచుకుని, ఏడాదిలో పది రోజులు వేసే బరువును హెల్పర్‌కు వదిలేయాలని ఆటోనగర్ మేస్త్రే చెప్పాడు. ఎనిమిది నెలల తర్వాత విన్నాను. తక్కువ పట్టీలతో నడుమ మందంగా, చివరలు పలుచగా ఉండే పారాబోలిక్ రకం కూడా అడిగాను. నా బండి కొలతకు సరిపడేది దొరకలేదు, వదిలేశాను.

షాపులో నేను చూసినవి చెబుతాను. కట్టను నేల మీద పెట్టి, పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు నుంచి ముందు కన్నుకు (మెయిన్ పట్టీ చివర ఉండే గుండ్రటి చుట్టుకు) ఎంత, వెనక కన్నుకు ఎంత అని విడివిడిగా కొలిచాను. రెండూ సమానం అనుకుంటాం, చాలా బండ్లకు కాదు. ఒక సెంటీమీటరు తేడా వచ్చినా ఇరుసు అంత జరుగుతుంది, చక్రం మడ్‌గార్డ్‌కు దగ్గరవుతుంది. తర్వాత రెండో పట్టీ చివర మెయిన్ పట్టీ కన్ను చుట్టూ చుట్టి ఉందో లేదో చూశాను. మెయిన్ పట్టీ విరిగినా ఆ చుట్టు ఇరుసును పట్టుకుంటుంది. నా పాత పట్టీ విరిగిన రోజు గట్టు మీంచి నేను నీళ్లలో పడకపోవడానికి కారణం అదే. పట్టీల చివరలు చేత్తో తడిమి చూడండి. నరికినట్టు పదునుగా ఉంటే ఆ అంచు పై పట్టీని కొరుకుతుంది. సానబెట్టి, పలుచ చేసి ఉండాలి. నాకు మొదట చూపించిన జత నల్లరంగు దట్టంగా పూసి ఉంది, చివర్లు వేలికి గీసుకున్నాయి. ధర రెండు వేలు తక్కువ. తీసుకోలేదు.

జత, కట్టను ఇరుసుకు బిగించే కొత్త యూ బోల్టులు, కన్నుల్లో పెట్టే రబ్బరు బుష్‌లు, పిన్నులు, కూలీ అన్నీ కలిపి 26 వేలు అయింది. పాత యూ బోల్టులనే మళ్లీ బిగిస్తానంటే ఒప్పుకోకండి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అంత పట్టు ఇవ్వదు. అది వదులైతే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక నేనే స్పానర్ పట్టుకుని కిందికి దూరాను. ఎనిమిది నట్లలో మూడు అరచుట్టు తిరిగాయి.

బుష్‌ల దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నాకు అక్కడే దెబ్బ తగిలింది. బండి జాకీల మీద వేలాడుతున్నప్పుడే షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) బోల్టులు పూర్తిగా బిగించేశారు. రబ్బరు ఆ భంగిమలోనే అతుక్కుపోయింది. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడింది, నాలుగు నెలలకే చీలికలు. రెండోసారి పక్కనే నిలబడి, "భాయ్, బండి నేల మీద పెట్టినాకే చివరి బిగింపు" అని పట్టుబట్టాను. ఆ బుష్‌లు నలభై వేల కిలోమీటర్లు వచ్చాయి.

ఎత్తు నేను కొలిచి ఇంట్లో క్యాలెండరు వెనక రాసుకుంటూ ఉంటాను. చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా. విరగక ముందు ఎడమ 41, కుడి 43 సెంటీమీటర్లు. కొత్తవి వేసిన రోజు రెండు వైపులా 47న్నర. నెల తిరిగేసరికి 46న్నరకు దిగింది. కొత్త కట్ట అలా ఒక సెంటీమీటరు కూర్చోవడం మామూలే, కంగారు పడొద్దు. ఇప్పుడు ఎడమ 45, కుడి 45న్నర. నలభై బస్తాలు వేస్తే 38 దగ్గర ఆగుతుంది, ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంపు రబ్బరుకు ఇంకా ఖాళీ ఉంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలకు గట్లన్నీ నానిపోయినప్పుడు, రొయ్యల పట్టుబడి తొందరలో ఐసు డబ్బాలు, రొయ్యల ట్రేలు వేసుకుని రాత్రీ పగలూ తిరిగాను. ఒక్కసారీ ట్రాక్టరును పిలవలేదు. అప్పుడు ఈ కట్టల మీద నాకు నమ్మకం కుదిరింది.

బ్రేకుల సంగతి చాలామందికి తెలియదు. వెనక ఇరుసు దగ్గర చిన్న వాల్వు, దానికి ఒక కడ్డీ ఉంటాయి. బండి కుంగితే బరువు ఉందని అర్థం చేసుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. నేను రెండేసి పట్టీలు చేర్చినప్పుడు టన్ను వేసినా బండి కుంగేది కాదు. వాల్వు మాత్రం ఖాళీ బండే అనుకునేది. బ్రేకు తొక్కితే ముక్కు కిందికి, వెనక పట్టు తక్కువ. హైవే మీద కోవూరు దగ్గర ఒక రాత్రి బండి నేననుకున్న చోట ఆగలేదు, నాలుగడుగులు దాటి ఆగింది. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది. కట్ట మార్చిన ప్రతిసారీ ఆ కడ్డీని సరిచేయించండి. ఇంకోటి, కట్ట ఎంత బలంగా వేసినా ఆర్సీలో రాసిన బరువు పెరగదు. ఇరుసు, బేరింగులు, టైర్లు పాతవే.

నచ్చనివీ ఉన్నాయి. మొదటి ఏడాది దాటాక ఎండాకాలంలో కీచుకీచుమని అరుపు. పట్టీల మధ్య ఉప్పు తుప్పు పేరుకోవడమే కారణం. పట్టీలను కలిపి పట్టి ఉంచే క్లిప్పుల్లో ఒకటి, రెండేళ్లు తిరిగాక తుప్పుతో తెగింది. క్లిప్పు తెగితే చక్రం కిందికి వేలాడినప్పుడు ఆ లాగుడంతా మెయిన్ పట్టీ ఒక్కదాని మీదే పడుతుంది. అందుకే అదే రోజు కొత్తది వేయించాను. హెల్పర్ అంటుకునేటప్పుడు గతుకులో "టక్" మని చిన్న చప్పుడు వస్తుంది. పదిహేను ఇరవై బస్తాల బరువులో అది ఎక్కువగా వినిపిస్తుంది. అలవాటైంది, కానీ ఉంది.

తుప్పుకు మా వైపు అందరూ కాలిన ఇంజిన్ ఆయిల్ పోస్తారు. నేను పోయను. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడు చేస్తుంది, పైగా గుంట గట్టు మీద కారిన నూనె వానకు ఎక్కడికి పోతుందో రొయ్యలు పెంచేవాడికి చెప్పనక్కర్లేదు. గుంటల నుంచి రాగానే ఇంటి దగ్గర బోరునీళ్లతో కింద కడుగుతాను. పైపు మూతిని వేలితో నొక్కి, పట్టీల సందుల్లోకి రెండు వైపులా పది నిమిషాలు. సంక్రాంతి తర్వాత, వానలన్నీ అయిపోయాక, ఏడాదికి ఒకసారి కట్ట విప్పించి, ఇనుప బ్రష్‌తో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూయించి మళ్లీ కట్టిస్తాను. ఒక పూట పని. ఉప్పునీళ్లలో తిరగని బండికి ఇంత అక్కర్లేదు. రాపూరు వైపు తోటల్లో తిరిగే బండ్ల కట్టలు ఏమీ చేయకుండానే ఏళ్లు వస్తున్నాయి.

పొద్దున మళ్లీ కిందికి దూరి టార్చి వేసి చూశాను. పగుళ్లు లేవు. కుడి షాకిల్ బుష్ ఒక పక్క రబ్బరు బయటికి తోసుకొస్తోంది. ఈ కట్టలకు ఇది రెండో జత బుష్‌లు. కార్తీకం వానలు పట్టకముందే రెండు వైపులా మార్పించాలి, బోల్టులు బిగించేటప్పుడు పక్కన నేనే నిలబడాలి.