శాతం చెబుతుంది, సాక్ష్యం చూపదు: ఏఐ రాతను పట్టే సేవతో ఒక విద్యా సంవత్సరం

మా కళాశాల నిరుడు జూన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సేవకు ఏడాది చందా కట్టింది. ప్రాజెక్టు నివేదికను అందులో వేస్తే రెండు అంకెలు వస్తాయి. ఇతరుల రాతలతో ఎంత పోలిక ఉందన్నది మొదటిది, ఎంత భాగం ఏఐ రాసిందన్నది రెండవది. నేను వృక్షశాస్త్రం బోధిస్తాను. ఈ ఏడాది నా దగ్గర నుంచి 23 ఎమ్మెస్సీ నివేదికలు అందులోకి వెళ్లాయి. సేవ పేరు రాయడం లేదు. చందా కట్టబోయే కళాశాలలు ఏ సంస్థ సరుకు చూస్తున్నా ఈ అనుభవాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి.

మొదటి అంకె నిజంగా పనికొచ్చింది. ఒక నివేదికకు 31 శాతం వచ్చింది. తెరపై ఎడమవైపు విద్యార్థి పేరా, కుడివైపు అదే పేరా ఉన్న పాత వ్యాసం. అందులో సగం ప్రయోగ పద్ధతుల వివరణే, అది ఎవరు రాసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, కాబట్టి వదిలేశాను. మిగిలినది ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి తిరిగి రాయించాను. తప్పు ఎక్కడుందో ఇద్దరికీ కళ్లెదుట కనబడింది, వాదన రాలేదు.

రెండవ అంకె దగ్గరే నాకు మనసు కష్టపడింది. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి, తమ ఊరి చెరువు గట్టు మీద వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్క పెరిగిన చోట ఏ మొక్కలు తగ్గిపోయాయో లెక్కగట్టింది. చదరపు మీటరు చట్రాన్ని 40 చోట్ల వేసి గడ్డిచామంతిని, ఉత్తరేణిని, నేల ఉసిరిని ఒక్కొక్క మొక్కగా లెక్కించి క్షేత్ర పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంది. వయ్యారిభామ తగిలి చేతుల నిండా దద్దుర్లు వస్తే వారం రోజులు ఆగి మళ్లీ వెళ్లింది. ఆ పుస్తకం వారం వారం చూసినదాన్ని నేను. ఆమె నివేదికకు సేవ ఇచ్చిన ఏఐ శాతం 78.

యూజీసీ 2018 నిబంధనల్లో పోలికకు 10 శాతం దాకా శిక్ష లేదు. మా దగ్గర అదే హద్దును ఈ రెండవ అంకెకూ వర్తింపజేశారు. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో. 2018లో రాసిన హద్దు దీనికి ఎలా సరిపోతుంది?

ఆ అమ్మాయి నా గదికి వచ్చి, "ఎక్కడి నుంచి తీసుకున్నానో చూపించండి మేడమ్, మార్చుకుంటాను" అంది. తెర మీద ఆమె వాక్యాలకు రంగు పులిమి ఉంది. కుడివైపు ఖాళీ. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి 2006లో సమర్పించిన నా పీహెచ్‌డీ గ్రంథం ఉపోద్ఘాతాన్ని అందులో వేశాను. 64 శాతం ఏఐ అని వచ్చింది. తర్వాత వయ్యారిభామ మీద రెండు పేజీలు ఏఐతోనే రాయించి, పది పన్నెండు మాటలు మార్చి, వాక్యాలను కొంచెం అటూ ఇటూ జరిపి వేశాను. 9 శాతం వచ్చింది.

దీనికి కారణం ఉంది. ఇలాంటి సాధనాలు చాలావరకు ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలికగా ఊహించవచ్చో కొలుస్తాయి. ఊహకు అందే రాత యంత్రానిది అంటాయి. ఇంగ్లీషును పాఠ్యపుస్తకాల అచ్చు వాక్యాలతో నేర్చుకున్న పిల్లల రాత ఊహకు అందక ఏం చేస్తుంది? స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు సాధనాలతో పరీక్షిస్తే, సగటున 61 శాతం వ్యాసాలను అవి ఏఐవని తప్పుగా ముద్ర వేశాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక గుర్తింపు సాధనం తెచ్చి, కచ్చితత్వం తక్కువని జూలైలో ఉపసంహరించుకుంది. ఆగస్టులో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న ఏఐ రాతను గుర్తించే సౌకర్యాన్ని ఆపేసింది. వాళ్ల లెక్క సూటిగా ఉంది: 2022లో తాము పరిశీలనకు పంపిన వ్యాసాలు 75,000. నూటికి ఒక్కటి తప్పుబట్టినా 750 మంది మీద నింద పడేది.

ఏఐతో రాయించుకున్న విద్యార్థి నాకు ఎదురుపడలేదని కాదు. ఒక అబ్బాయి నివేదికకు సేవ 4 శాతం ఇచ్చి దాటించింది. అందులో పేర్కొన్న ఒక మొక్క నమూనా చూపించమన్నాను. ఎండబెట్టి అట్టకు అతికించిన మొక్కల్లో అది లేదు. ఆధారంగా ఇచ్చిన పత్రిక పేజీ తెరిస్తే వేరే వ్యాసం ఉంది. నెమ్మదిగా అడిగితే ఒప్పుకున్నాడు. కోప్పడలేదు, మళ్లీ పొలాలకు పంపాను. రెండో నివేదిక చిన్నదే, కానీ అందులోని మొక్కలన్నీ అతను చూసినవే.

ఇప్పుడు నా దగ్గర పద్ధతి మారింది. క్షేత్ర పుస్తకం బల్ల మీద పెట్టుకుని ప్రతి విద్యార్థితో 15 నిమిషాలు మాట్లాడతాను. ఇంగ్లీషు దిద్దుకోవడానికి ఏఐ వాడితే తప్పు లేదు, ఎక్కడ వాడారో మొదటి పేజీలో రాస్తే చాలు. 23 మందికి ఆరు గంటలు కూడా పట్టలేదు.

చందా వచ్చే జూన్‌లో ముగుస్తుంది. పోలిక చూసే భాగాన్ని ఉంచి, ఏఐ శాతం చూపే భాగాన్ని కళాశాల ఖాతా నుంచి ఆపించమని ప్రిన్సిపాల్ గారికి రాశాను. చెరువు గట్టు నివేదికలో మాత్రం ఒక్క వాక్యం మార్చనివ్వలేదు. పెన్సిల్ లెక్కలున్న 12 పేజీలను చివర జత చేయించాను. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకురాలు ముందుగా తెరిచింది ఆ పేజీలనే. ఉత్తరేణి లెక్క 17వ చట్రం దగ్గర ఒక్కసారిగా ఎందుకు పడిపోయిందని అడిగారు. ఆ అమ్మాయి లేచి, బోర్డు మీద చెరువు గట్టు బొమ్మ గీయడం మొదలుపెట్టింది.