కొచ్చి యూదుల పాటల కోసం: మట్టాంచేరి, పరవూర్, చేందమంగళం

కొచ్చి వెళ్లే మనవాళ్లలో చాలామంది జ్యూ టౌన్‌లో ఓ అరగంట తిరిగి, యాలకులు, మిరియాలు కొనుక్కుని బయటపడతారు. నేను వెళ్లింది పాటల కోసం. కేరళ యూదు స్త్రీలు తరతరాలుగా మలయాళంలో పాడుకున్న పెళ్లిపాటలు, దీవెన పాటలు, బైబిలు కథల పాటలు, తమ సినగాగులు (ప్రార్థన మందిరాలు) కట్టిన వైనం చెప్పే పాటలు ఉన్నాయి. అవి పుట్టిన చోట్లన్నీ చూశాక నా అభిప్రాయం ఒక్కటే. పేరు జ్యూ టౌన్ ఉన్న మట్టాంచేరిది, పాట మాత్రం కొచ్చికి ఉత్తరాన ఉన్న పరవూర్ వైపు బాగా అర్థమవుతుంది.

వెళ్లేముందు పాటలు వినండి, లేకపోతే ఖాళీ భవనాలు చూసి వచ్చినట్టే ఉంటుంది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన జ్యూయిష్ మ్యూజిక్ రీసెర్చ్ సెంటర్ 2004లో వీటి సీడీ తెచ్చింది. బార్బరా జాన్సన్, స్కారియా జకారియా లాంటి పరిశోధకులు ఎన్నో ఏళ్లు ఈ పాటల మీద పనిచేశారు. పాడేది పెద్దవయసు ఆడవాళ్లు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అన్ని గొంతులూ ఒక్కసారిగా పలకవు, ఒకరు రవ్వంత ముందు, ఇంకొకరు రవ్వంత వెనక. మలయాళం మధ్యలో హఠాత్తుగా ఓ హీబ్రూ మాట తగులుతుంది. చిలకను పిలుస్తూ సాగే పాట ఒకటుంది, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. మన అమ్మమ్మల మంగళహారతుల పుస్తకాల్లాగే ఇవీ చేతిరాత నోటుపుస్తకాల్లో బతికాయి. తల్లి పుస్తకం చూసి కూతురు రాసుకునేది. 1950లలో ఈ సమాజంలో అత్యధికులు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు, పుస్తకాలూ వాళ్లతోనే వెళ్లాయి.

మట్టాంచేరి పరదేశి సినగాగ్ 1568 నాటిది. నీలం, తెలుపు చైనా టైల్స్ నేల, గాజు షాండ్లియర్లు, ఇత్తడి స్తంభాల వేదిక, బయట 18వ శతాబ్దపు గడియార స్తంభం. అందం గురించి వంక పెట్టేదేమీ లేదు. కానీ పొద్దున్నే వెళ్లకపోతే టూర్ గ్రూపుల మధ్య నిలబడటానికే సరిపోతుంది. సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లు ఉండాలి, ఊళ్లో మిగిలిన యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ సంగతి తెలిసి లోపలికెళితే మనసు భారమవుతుంది. అక్కడ మేము మాట్లాడుకున్న గైడు రాజుల గురించి, రాగిశాసనాల గురించి బాగానే చెప్పాడు గానీ పాటల ఊసే ఎత్తలేదు. పాటల కోసమే వెళ్లేవాళ్లకు గైడు దండగ. ఆటోవాళ్లతో ముందే ఖరాఖండిగా చెప్పండి, దారిలో షాపుల దగ్గర ఆపొద్దని. కమిషన్ కోసం తిప్పేవాళ్లు తగులుతూనే ఉంటారు.

బస మొదట ఫోర్ట్ కొచ్చిలో ఓ పాత ఇంటి హోమ్‌స్టేలో. గది విశాలంగా ఉంది, పొద్దున పుట్టు, కడల కూర వేడివేడిగా పెట్టారు, ఇంటావిడ ఆప్యాయంగా మాట్లాడింది. దోమతెర అడిగి తీసుకోవాలి. పరవూర్ వెళ్లాలంటే మాత్రం ఫోర్ట్ కొచ్చి దూరం. రో-రోలో (వాహనాలను కూడా ఎక్కించుకునే పడవలో) వైపిన్ ద్వీపానికి దాటి, అక్కడినుంచి ద్వీపం పొడుగునా బస్సులో వెళ్లాలి. తర్వాత చేరాయి బీచ్ దగ్గర బసకు మారాం, అది చాలా నయం. పరవూర్ దగ్గర, సాయంత్రం సముద్రం. భోజనం ఓ మోస్తరు, శాకాహారులకు ఎంపిక తక్కువ.

ఇక పరవూర్. ఇక్కడ తొందరపడకండి. 1616 నాటి సినగాగ్, ఇప్పుడు ముజిరిస్ (ఈ ప్రాంతపు ప్రాచీన రేవు) వారసత్వ ప్రాజెక్టు కింద మ్యూజియం. వీధి గుమ్మం దాటితే ముంగిలి, ఆపైన స్తంభాల మధ్య పొడుగాటి నడవ, చివర ప్రార్థన మందిరం. యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్టలు ఉంచే చెక్కబీరువా అసలుది జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది నకలు. అది చూసి నిరాశపడకుండా మేడ ఎక్కండి.

కేరళ సినగాగుల ప్రత్యేకత ఆ మేడ మీదే ఉంది. కింద ఒక వేదిక, పైన బాల్కనీలో రెండోది. విశ్రాంతి దినాన, పండగలప్పుడు తోరా చదివేది పైవేదిక మీదే. దాని వెనకే, చెక్కజాలీకి అవతల, ఆడవాళ్లు కూర్చునేవారు. చదివేవాడి గొంతుకీ వాళ్ల చెవికీ మధ్య ఆ జాలీ ఒక్కటే అడ్డు. నేను ఆ జాలీ ఇవతల నేలమీద కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో చిలక పాట పెట్టుకున్నాను. సన్నటి చెక్కపట్టీల సందుల్లోంచి వేదిక మొత్తం కనిపిస్తోంది. మగవాళ్ల ఎదుట ఆడవాళ్లు పాడకూడదన్న కట్టుబాటు చాలాచోట్ల యూదుల్లో ఉంది. కేరళలో అలా కాదు. ఇక్కడి ఆడవాళ్లకు హీబ్రూ కీర్తనలు కూడా వచ్చు, మగవాళ్లతో కలిసి పాడేవారు. మలయాళం పాటల్లో కొన్నిటికి ఆ హీబ్రూ కీర్తనల వరసలే. ఇంత దగ్గర కూర్చున్నాక వరసలు పట్టుబడకుండా ఎలా ఉంటాయి అనిపించింది నాకు. సిమ్‌హత్ తోరా పండగనాడు తోరా చుట్టలు బయటికి తెచ్చి, పాడుతూ సినగాగ్ చుట్టూ ప్రదక్షిణ చేసేవారట. పరవూర్ ముంగిట నిలబడితే ఆ దారి ఎటు తిరిగేదో ఊహకు అందుతుంది.

చేందమంగళం ఇక్కడికి ఆటో దూరం. కొచ్చి రాజులకు మంత్రులుగా ఉన్న పాలియం దొరల ఊరు, చేనేతకు పేరు. సినగాగ్ చిన్నది, రంగుల చెక్క పైకప్పు కింద ప్రశాంతంగా కూర్చోవచ్చు. ముందున్న సమాధి రాయి తప్పక చూడండి. సారా అనే స్త్రీది, 1269 నాటిది, దేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో పాతదిగా చెబుతారు. నేను వెళ్లినరోజు మ్యూజియం ఉద్యోగిని ఒకామె ఓపికగా అన్నీ చూపించింది. ఈ యాత్ర మొత్తంలో దొరికిన మంచి సేవ అదే.

మన వైపునుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎర్నాకుళం టౌన్‌లో దిగొచ్చు. పరదేశి సినగాగ్ శనివారం మూసి ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం తర్వాత కూడా అంతే. పరవూర్, చేందమంగళం మ్యూజియాలకు సోమవారం సెలవు, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. వీలైతే చేందమంగళం, పరవూర్ ముందు చూసి, ఆ తర్వాతే మట్టాంచేరి వెళ్లండి. పరవూర్ జాలీ చూసినవాళ్లు మట్టాంచేరిలో టైల్స్ దగ్గరే ఆగిపోరు, తలెత్తి పైబాల్కనీ వైపు చూస్తారు.