బెర్రీవిల్ ఫెయిర్: జెయింట్ వీల్ కన్నా పశువుల షెడ్డే మేలు

వర్జీనియాలో ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు కౌంటీ ఫెయిర్ (ఇక్కడి జిల్లా స్థాయి రైతుల జాతర) అంటే జులై నెలాఖరులో లీస్‌బర్గ్‌లో జరిగే లౌడన్ కౌంటీ ఫెయిరే. దగ్గర, బాగానే ఉంటుంది, నలుగురు తెలుగువాళ్లు కనిపిస్తారు కూడా. కానీ ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మాత్రం రూట్ 7 మీద ఇంకొంచెం పడమటికి పొమ్మంటాను. బ్లూ రిడ్జ్ కొండ దిగి షెనాండోవా నది దాటితే బెర్రీవిల్. ఆగస్టులో అక్కడ క్లార్క్ కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. 2020 లెక్కల ప్రకారం కౌంటీ మొత్తం మీద 15 వేల మంది కూడా లేరు. ఫెయిర్ మైదానం రూరిటన్ క్లబ్ వాళ్లది. 1928లో వర్జీనియాలోనే ఒక పల్లెటూళ్లో పుట్టిన సేవా సంఘం ఈ రూరిటన్. కౌంటర్లలో, స్టాళ్లలో ఎక్కువగా ఆ ఊరివాళ్లే కనిపిస్తారు, తీరిగ్గా మాట్లాడతారు.

మాది అద్దంకి వైపు పల్లెటూరు. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. వాషింగ్టన్‌లో మ్యూజియాలు చూపిస్తే మర్యాదకు తలూపారు గానీ, ఇక్కడ కారు దిగగానే పేడ వాసన పట్టుకుని నేరుగా షెడ్ల వైపు నడిచేశారు.

అసలు చూడాల్సింది ఆ షెడ్లనే. 4-హెచ్ అని పిల్లల సంఘం ఒకటుంది, నాలుగాకుల క్లోవర్ దాని గుర్తు. అందులోని పిల్లలు నెలల తరబడి కోడెనో గొర్రెనో పందినో పెంచి ఇక్కడికి తోలుకొస్తారు. మేం వెళ్లేసరికి పన్నెండు, పదమూడేళ్ల పిల్ల ఒకతి నల్లటి ఆంగస్ జాతి కోడెను కడిగి, పెద్ద బ్లోయర్‌తో వెంట్రుకలు ఆరబెడుతోంది. ఒక చేత్తో బ్లోయర్, ఇంకో చేత్తో దువ్వెన. కోడె కదలకుండా నిలబడి తోక మాత్రం ఆడిస్తోంది. "మూపురం ఏదమ్మా దీనికి?" అన్నారు నాన్న ముందు. తర్వాత "పళ్లు చూడొచ్చేమో అడుగు" అన్నారు. నేను మొహమాటపడుతూనే అడిగాను. ఆ పిల్ల నవ్వి కింది పెదవి లాగి చూపించింది. బరువు 1,300 పౌండ్లట. "పాలపళ్ల కోడెకు ఆరొందల కిలోలా!" అని నాన్న దాని చుట్టూ ఇంకోసారి తిరిగొచ్చారు. మన ఒంగోలు రక్తం కలిసిన బ్రాహ్మన్ జాతి కూడా ఈ దేశంలో ఉంది గానీ, దాన్ని చూడాలంటే టెక్సాస్ లాంటి వేడి రాష్ట్రాలకు వెళ్లాలి.

ఒక్కటి మాత్రం పెద్దవాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి. ఈ కోడెలు అరకకో బండికో కాదు, మాంసానికే. ఫెయిర్‌లోనే వేలం వేస్తారు. స్థానిక వ్యాపారులు మార్కెట్ రేటు కన్నా ఎక్కువే పాడతారు, ఆ డబ్బును పిల్లలు కాలేజీ చదువుకు దాచుకుంటారు. ఈ సంగతి వినగానే అమ్మ నా చెయ్యి వదిలించుకుని పక్క హాల్లోకి వెళ్లిపోయింది.

ఆ హాల్లో బొంతలు, కేకులు, సీసాల్లో పెట్టిన కూరగాయలు. గెలిచిన వాటికి రిబ్బన్లు కడతారు, నీలం మొదటి బహుమతి, ఎరుపు రెండోది, తెలుపు మూడోది. నీలం రిబ్బన్ వచ్చిన దోసకాయ పచ్చడి సీసా దగ్గర అమ్మ చాలాసేపు ఆగింది. "నూనె లేదు, కారం లేదు, దీనికి ఫస్ట్ ప్రైజా?" అంది. బొంతల కుట్టుకు మాత్రం వంక పెట్టలేదు.

తిండి సంగతికొస్తే శాకాహారులకు కాల్చిన మొక్కజొన్న, ఫ్రెంచ్ ఫ్రైస్, నిమ్మరసం, గుడ్డు పట్టింపు లేకపోతే ఫనెల్ కేక్ (పిండిని నూనెలో చుట్లుగా వేయించే తీపి). అంతే. చికెన్ వేయించిన నూనెలోనే ఫ్రైస్ వేస్తారేమో అడిగి తీసుకోండి. పట్టింపు ఉన్నవాళ్లు ఇంట్లో తిని బయల్దేరడమే మేలు. కొంచెం క్యాష్ దగ్గరుంచుకోండి. రైడ్లు పదేళ్ల లోపు పిల్లలకు సరిపోతాయి. వాటికోసమే అయితే ఇంతదూరం రావక్కర్లేదు.

సాయంత్రం కార్యక్రమం రోజుకొకటి మారుతుంది, కాబట్టి షెడ్యూల్ చూసుకుని ట్రాక్టర్ పుల్ ఉన్న రోజే వెళ్లండి. కార్లు గుద్దుకునే డెమొలిషన్ డెర్బీకి జనం ఎగబడతారు గానీ, నా ఓటు ట్రాక్టర్లకే. ఇది అచ్చంగా మన బండలాగుడు పోటీనే. ట్రాక్టర్ వెనక ఇనప స్లెడ్ (నేల మీద ఈడ్చే బండి) కడతారు. ట్రాక్టర్ ముందుకు పోయేకొద్దీ స్లెడ్ మీది బరువుల పెట్టె కూడా ముందుకు జరుగుతూ, స్లెడ్ ముందు భాగాన్ని నేలకు అదుముతుంది. చివరికొచ్చేసరికి ఇంజను గొంతు మారిపోయి, ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. 300 అడుగులు లాగితే ఫుల్ పుల్. మనకు రెండు పళ్లు, నాలుగు పళ్లు అని ఎద్దుల జతల్ని విడగొట్టినట్టు ఇక్కడ ట్రాక్టర్లను బరువును బట్టి విడగొడతారు. మూడో ట్రాక్టర్ వచ్చేసరికి నాన్నకు రూల్స్ అన్నీ అర్థమైపోయాయి. పక్కనున్న ముసలాయనతో తెలుగులోనే వాదన పెట్టుకున్నారు. ఆయనా ఇంగ్లిష్‌లో అంతే గట్టిగా జవాబిచ్చాడు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకోండి, చిన్నపిల్లలుంటే తప్పనిసరి.

ఆష్‌బర్న్ వైపు వాళ్లకు రాత్రి బస అక్కర్లేదు, ముప్పావు గంటలో ఇల్లు చేరొచ్చు. కొండ మీద జింకలు అడ్డం వస్తాయి, నెమ్మదిగా నడపండి. న్యూజెర్సీ నుంచి వచ్చిన మా చెల్లివాళ్లు పక్కనే ఉన్న వించెస్టర్‌లో ఐ-81 హైవే ఎగ్జిట్ దగ్గర మోటెల్ తీసుకున్నారు. గది శుభ్రంగానే ఉంది గానీ, రాత్రంతా లారీల మోత. బుక్ చేసేటప్పుడే హైవేకి అవతలి వైపు గది అడగండి. టిఫిన్‌కు బ్రెడ్, సీరియల్ తప్ప ఏమీ లేవట.

ఆగస్టులో కుదరకపోతే సెప్టెంబరు చివర్లో డాస్వెల్‌లో రాష్ట్రం మొత్తానికీ జరిగే స్టేట్ ఫెయిర్ ఉంటుంది. అన్నీ పెద్దవే, నడక కూడా పెద్దదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో మాత్రం నేను బెర్రీవిల్‌కే వెళ్తాను.