బండి సీజ్ అయితే మేజిస్ట్రేట్ కోర్టా, హైకోర్టు రిట్టా?

సంక్రాంతి వెళ్లిందంటే భీమవరం, అమలాపురం వైపు నుంచి ఒకటే ప్రశ్న. కోడిపందేల బరి దగ్గర బైకు సీజ్ చేశారు, విడిపించుకోవడానికి హైకోర్టులో రిట్ (అధికారుల చర్య అక్రమమని నేరుగా వేసే పిటిషన్) వేయడం మేలా, ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయడం మేలా? కారు, టాటా ఏస్ పోగొట్టుకున్నవాళ్లూ ఇదే అడుగుతున్నారు.

నా ఓటు మేజిస్ట్రేట్ కోర్టుకే. అక్కడ మనం అడిగేది బండి ఒక్కటే. సోదా సక్రమంగా జరిగిందా లేదా అన్నది తేలేదాకా ఆగాల్సిన పని లేదు.

రిట్ వేద్దామనేవాళ్లు "అసలు పట్టుకోవడమే అక్రమం కదా" అంటారు. ఆ కోపంలో న్యాయం ఉండొచ్చు, కానీ దాంతో బండి రాదు. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని సుప్రీంకోర్టు 1973లోనే పూరన్‌మల్ కేసులో చెప్పింది. సీజ్ చేసిన సంగతి పోలీసులు వెంటనే మేజిస్ట్రేట్‌కి తెలపాలి, ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 106వ సెక్షన్‌లో ఉంది. తెలపడం ఆలస్యమైతే సీజ్ చెల్లదనే వాదన ఒకటి ఉండేది. 2024లో షెంటో వర్గీస్ కేసులో అదీ నిలవలేదు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు గానీ, సీజ్ మాత్రం రద్దు కాదన్నారు.

అదే, బండి కోసం మాత్రమే అడిగితే తీర్పులన్నీ మన వైపే ఉన్నాయి. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు, సీజ్ చేసిన బండ్లను స్టేషన్లలో నెలల తరబడి ఉంచి ప్రయోజనం లేదని, ఫోటోలు తీయించి, పంచనామా రాయించి, బాండు, ష్యూరిటీ తీసుకుని వెంటనే ఇచ్చేయాలని చెప్పింది. 2010లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ కేసులో మళ్లీ అదే మాట, అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఇప్పుడు పిటిషన్ బీఎన్‌ఎస్‌ఎస్ 497 కింద గానీ 503 కింద గానీ వేస్తారు.

నాకు అన్నిటికంటే ముఖ్యం కాలం. కోనసీమ ఉప్పుగాలికి, వానలకి ఆరుబయట పడి ఉన్న బండి ఎంతకాలం ఉంటుంది? సైలెన్సర్ తుప్పు పడుతుంది, బ్యాటరీ చస్తుంది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. ఆటో నడిపి బతికేవాడికి ఒక నెల అంటే చిన్న సంగతి కాదు. కేసు గెలిచేసరికి ఇనుప సామానుకి పనికొచ్చే బండి చేతికొస్తే ఏం లాభం? అమరావతికి తిరిగే ఖర్చు సరేసరి. ఆ తిరుగుడంతా అయ్యాక కూడా, కింది కోర్టులో దారి ఉంది కదా, అక్కడికి వెళ్లమని హైకోర్టు పంపేసే అవకాశమే ఎక్కువ.

రిట్ వేయాల్సిన సందర్భం ఒకటుంది. ఎఫ్‌ఐఆర్ లేదు, కోర్టుకి రిపోర్టు లేదు, చేతికి ఒక్క కాగితం ఇవ్వకుండా బండిని స్టేషన్ ఆవరణలో పెట్టేశారు. అప్పుడు ఆలోచించకుండా రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకి వెళ్లండి.

మద్యం, రేషన్ బియ్యం కేసులు వేరు. యానాం నుంచి మద్యం తెస్తూ దొరికిన బండిని జప్తు చేసే (అంటే పూర్తిగా ప్రభుత్వపరం చేసే) అధికారం ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్‌కి ఉంటుంది. ముందు అక్కడ అడగాలి. బియ్యం బండి అయితే నిత్యావసర సరుకుల చట్టం 6-ఎ కింద కలెక్టర్ దగ్గరికి. కిరాయికి తిప్పే బండి అయితే జప్తుకి బదులు జరిమానా కట్టే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది. గంజాయి కేసుల్లో బండి ఇవ్వడానికి చట్టంలో అడ్డేమీ లేదని 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే సరుకు గురించి ఓనరుకి తెలియదని కనిపించాలి.

పెద్దమనుషుల్ని పట్టుకుని స్టేషన్‌లోనే తేల్చుకోవడం గురించి కూడా అడుగుతున్నారు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఆ మాటే వద్దు.

పిటిషన్‌కి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) నకలు పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోనివాళ్లు మాత్రం, ఆర్‌సీలో పేరున్న మనిషి చేత పిటిషన్ వేయించండి, లేదా అతని అఫిడవిట్ తెచ్చుకోండి. చాలా పిటిషన్లు ఆగిపోయేది అక్కడే.