వెబ్ సర్వర్‌లో ఫైళ్ల రక్షణ: నిషేధ నియమమా, వెబ్ ఫోల్డర్ బయట నిల్వా?

తిరుపతిలో ఒక లాడ్జీ తన వెబ్‌సైటులో గదులు కేటాయిస్తూ యాత్రికుల ఆధార్ ప్రతులు తీసుకుంటుందనుకుందాం. ఆ ఫైళ్లు అపరిచితుల చేతికి చిక్కకుండా కాపాడేందుకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి.

మొదటిది, ఫైళ్లను వెబ్ ఫోల్డర్‌లోనే, అంటే సర్వర్ నేరుగా బయటికి అందించే ఫోల్డర్‌లోనే ఉంచి, వాటిని ఎవరికీ ఇవ్వవద్దని సర్వర్‌కు నియమం రాయడం. అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో, ఫోల్డరుకు నియమాలు రాసే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఒక్క వరుసతో ఈ పని పూర్తవుతుంది. అయితే సర్వర్ ఆ ఫైలును చదివినంత కాలమే ఈ రక్షణ నిలుస్తుంది. సైటును ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు మార్చితే అది ఆ ఫైలును అసలు చదవదు. అపాచీలోనే ఆ ఫైలును పట్టించుకోవాలో లేదో నిర్ణయించే అలోఓవర్‌రైడ్ అమరిక విలువ ‘నన్’ (ఏదీ వద్దు) అయినా ఫలితం అదే. సైటు మామూలుగానే నడుస్తూ ఉంటుంది కనుక రక్షణ పోయిన సంగతి ఎవరికీ తెలియదు, నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే.

రెండవది, ఫైళ్లను వెబ్ ఫోల్డర్ వెలుపల ఉంచి, లాగిన్‌ను, అనుమతిని పరిశీలించిన తరువాతే ప్రోగ్రామ్ ద్వారా అందించడం. ఇందులో శ్రమ ఎక్కువ. పైగా వాడుకరి పంపిన ఫైలు పేరును తనిఖీ చేయకుండా వాడితే, పై ఫోల్డరుకు తీసుకెళ్లే రెండు చుక్కల దారి (../) గుండా ఇతర ఫైళ్లూ బయటపడతాయి. అయినా ఆ ఫైళ్లకు నేరుగా వెబ్ చిరునామా ఉండదు కాబట్టి, ఆధార్ ప్రతులకూ డేటాబేస్ బ్యాకప్‌లకూ నేను నిస్సందేహంగా దీనినే సూచిస్తాను. ప్రోగ్రామ్ కోడ్ మార్పుల చరిత్ర ఉండే డాట్ గిట్ ఫోల్డరును మూయడానికి, ఫైళ్ల జాబితా కనిపించకుండా చేయడానికి నియమాలు అదనంగా ఉండాలి. ఏ పేజీలు చూడవద్దో సెర్చ్ ఇంజన్లకు చెప్పే రోబోట్స్ ఫైలు మాత్రం ఈ రెండింటిలో దేనికీ బదులు కాదు. దాచదలచిన ఫోల్డర్ల పేర్లను అదే అందరికీ చూపుతుంది.