పాత ఓమ్నీ బోల్టుల కోసం: బెజవాడ, రాణీగంజ్, చెన్నై

కార్బ్యురేటర్ కాలం నాటి మారుతి ఓమ్నీకి ఇంజన్ దింపి పని చేయించాలంటే పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్ సెట్టు ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతాయి. సతాయించేవి బోల్టులు. ఓమ్నీ తయారీ 2019లో ఆగింది. అదే 796 సీసీ ఇంజన్‌తో తిరిగిన మారుతి 800 అంతకు ఐదేళ్ల ముందే ఆగిపోయింది. ఎక్కువ అమ్ముడయ్యే సామాను ఇంకా ఎవరో ఒకరు తయారు చేస్తూనే ఉన్నారు గానీ, పది రూపాయల బోల్టును స్టాకు పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

మా బండి విప్పితే సైలెన్సర్ వైపు మానిఫోల్డ్ స్టడ్లు (తల లేని బోల్టులు) తుప్పుకి విరిగాయి, ఫ్లైవీల్ బోల్టుల తలలు గుండ్రంగా అరిగాయి. మిగతాచోట్ల ఒక్కో మెకానిక్ తన డబ్బాలో ఏది దొరికితే అది బిగించుకుంటూ పోయాడు. అన్నీ ఒక సంచిలో వేసుకుని బయల్దేరాను.

మొదట బెజవాడ జవహర్ ఆటోనగర్. అక్కడ లారీలదే రాజ్యం. కమాను కట్టల యూ బోల్టులు, చక్రాల బోల్టులు గుట్టలుగా ఉంటాయి. చిన్న కారు ఇంజన్ బోల్టు అడిగితే మాత్రం, "ఇది చూడండి గురువుగారూ, పనైపోద్ది" అని దగ్గరి సైజు ఒకటి చేతిలో పెడతారు. పనవ్వదు. జపాన్ బళ్లలో 10 ఎంఎం బోల్టుకి ఎక్కువగా 1.25 పిచ్, అంటే థ్రెడ్డుకీ థ్రెడ్డుకీ మధ్య 1.25 ఎంఎం దూరం, ఉంటుంది. హార్డ్‌వేర్ కొట్లో మామూలుగా దొరికేది 1.5. చేత్తో తిప్పితే మొదటి ఒకటి రెండు చుట్లు ఎక్కేస్తుంది, తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ స్పానర్ వేసి బలవంతపెడితే అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్డు ఊడి బోల్టుతోపాటు బయటికొస్తుంది. తల సైజు చూసినా తేడా తెలుస్తుంది. 8 ఎంఎం బోల్టుకి జపాన్ పద్ధతిలో 12 నంబర్ స్పానర్ పడుతుంది, బజారు బోల్టుకి 13 కావాలి. మా బండిలో రెండు రకాలూ ఉండటంతో ఏది కంపెనీది, ఏది తర్వాత వచ్చి చేరిందో అక్కడే తేలిపోయింది. బోల్టులు కొనడానికి ఆటోనగర్ వద్దంటాను. పని చేయించడానికైతే అదే మొదటి ఎంపిక.

శాతవాహన ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దింపుతుంది. రాణీగంజ్ కొట్లు ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి ఆ టైమింగ్ సరిగ్గా సరిపోతుంది. స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్లో చాయ్ తాగి ఆటో ఎక్కాను. ఇక్కడ నాకు నచ్చినది ఒకటుంది. బోల్టు చూపించగానే కొట్టు ఆయన దాని పేరు అడగడు, పిచ్ గేజ్ తీస్తాడు. కొలిచాక గ్రేడ్ అడుగుతాడు. తల మీద 8.8, 10.9 అని ఉండే అంకెల్లో మొదటిది వంద రెట్లు చేస్తే బోల్టు తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో పదింట ఎన్ని వంతుల దగ్గర అది తిరిగి రాకుండా సాగుతుందో చెబుతుంది. స్టెయిన్‌లెస్ వేయించుకోండి, తుప్పు పట్టదు అని పక్క కొట్లో ఊరించారు. మామూలుగా దొరికే ఎ2-70 స్టెయిన్‌లెస్ బలం 8.8 కన్నా తక్కువే. నంబర్ ప్లేటుకైతే వేసుకోవచ్చు. మామూలు సైజుల హైటెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టులన్నీ ఇక్కడే, విడిగా, బేరం లేకుండా దొరికాయి.

బస గురించి పొగడటానికేమీ లేదు. స్టేషన్ దగ్గర లాడ్జి, రాత్రంతా హారన్లు. ఆయిల్ మరకల సంచి చూసి రిసెప్షన్ కుర్రాడు దుప్పటి పాడైతే డబ్బులు కట్టాలన్నాడు. అతని బాధా అతనిదే అనుకోండి.

ఇంజన్ లోపలివి, అంటే కనెక్టింగ్ రాడ్, ఫ్లైవీల్ బోల్టులు, రాణీగంజ్‌లో దొరకలేదు. వాటికోసం బెజవాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై ఎగ్మోర్ వెళ్లాను. తెల్లవారకముందే దిగుతాం కాబట్టి కెన్నెట్ లేన్ వైపు లాడ్జీల్లో ఇరవైనాలుగు గంటల చెకౌట్ ఉన్నదే చూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయమనే చోట దిగితే సగం రోజు అద్దె వృథా. నేను దిగిన గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. సికింద్రాబాద్ కన్నా వెయ్యి రెట్లు నయం.

పుదుపేట అక్కడికి దగ్గరే. బళ్లను విప్పి ముక్కముక్కా అమ్మే బజారు. బ్రాకెట్లు, కవర్లు, వాటితోపాటే అసలు కంపెనీ బోల్టులు కావాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే పాత కనెక్టింగ్ రాడ్ బోల్టు మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. ఇంజన్ తిరిగినంతసేపూ ఆ బోల్టు మీద లాగుడు పడుతూనే ఉంటుంది. అది ఎంత సాగిందో కంటికి కనపడదు, తెగితే రాడ్ బ్లాకుని పగలగొట్టుకుని బయటికొస్తుంది.

అక్కణ్ణుంచి నడిచే వెళ్లాను స్పేర్ పార్టుల కొట్లుండే జీపీ రోడ్డుకి. "సాంపిల్ ఇరుక్కా?" (సాంపిల్ ఉందా?) అన్నాడు కౌంటర్ మనిషి. సంచి విప్పాను. నా తమిళం అంతంతమాత్రం, ఆయన తెలుగూ అంతే, కానీ పార్ట్ నంబరుకి భాషతో పని లేదు. సుజుకీ మామూలు బోల్టుల నంబర్లు 01తో మొదలవుతాయి. గీత తర్వాత 0825 అని ఉంటే 8 ఎంఎం మందం, 25 పొడవు. ఆ లెక్క ఆయనే నేర్పాడు. దాంతో సగం బోల్టులకి క్యాటలాగే అక్కర్లేకపోయింది. రాడ్ బోల్టులు, ఫ్లైవీల్ బోల్టులు సీలు తీయని ప్యాకెట్లలో ఇచ్చి బిల్లు కూడా రాశాడు. ధర మా ఊరి డీలర్ చెప్పినదానికి దరిదాపుల్లోనే ఉంది. తేడా ఏమిటంటే డీలర్ దగ్గర ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి, అదీ వస్తుందన్న గ్యారంటీ లేకుండా.

విరిగిన స్టడ్లకి మళ్లీ ఆటోనగరే. లేత్ ఆయన వేడి చేసి, నట్టు వెల్డింగ్ పెట్టి రెండు తీసేశాడు. మూడోది రాలేదు. డ్రిల్ కొట్టి హెలికాయిల్ (కొత్త థ్రెడ్డుగా పనిచేసే తీగ చుట్ట) వేశాడు. కూలీ ముందే మాట్లాడుకున్నా హెలికాయిల్‌కి విడిగా తీసుకున్నాడు, అది న్యాయమే. వెళ్లేవాళ్లు ఆదివారం పెట్టుకోకండి. పొడవు కొలిచేటప్పుడు తలను లెక్కలోకి తీసుకోకండి. సాంపిల్ బోల్టుని మాత్రం ఏ కౌంటర్ దగ్గరా వదిలి రావద్దు.